టోక్యోలో మెయిజీ చక్రవర్తి చిత్రశాలను చూడటం ఎలా

టోక్యో వెళ్లిన మనవాళ్ల ఫోటోల్లో మెయిజీ ఆలయం ముందున్న పెద్ద చెక్క తోరణం తప్పకుండా ఉంటుంది. అదే మెయిజీ చక్రవర్తి జీవితాన్ని పుట్టుక నుంచి అంత్యక్రియల దాకా 80 చిత్రాల్లో చూపించే భవనం మాత్రం చాలామంది ప్లాన్‌లో ఉండదు. దాని పూర్తి పేరు సెయితోకు కినెన్ కైగాకన్. అక్కడివాళ్లు కైగాకన్ అంటారు. భవనం 1926లో పూర్తయింది, చిత్రాలన్నీ గోడలకెక్కేసరికి 1936 వచ్చింది. 2011లో జపాన్ ప్రభుత్వం దీన్ని ముఖ్య సాంస్కృతిక సంపదల జాబితాలో చేర్చింది.

ఏ తయారీ లేకుండా లోపలికి వెళ్తే గంటలో బయటికొచ్చేస్తారు. యూనిఫాంలు, గుర్రాలు, వంగి నమస్కరించే మనుషులు తప్ప ఏమీ గుర్తుండదు. కాస్త తెలుసుకుని వెళ్తే మాత్రం, ఒక దేశం తన గతాన్ని తన పిల్లలకు ఎలా చెప్పాలనుకుందో గోడ మీద కనిపిస్తుంది. ఈ చిత్రశాలను ఆ కళ్లతోనే చూడాలని నా గట్టి నమ్మకం. అందుకు ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందురోజు రాత్రి అరగంట

జపాన్ చరిత్ర మొత్తం చదవనక్కర్లేదు. కొన్ని సంవత్సరాలు ఒక కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌లో పెట్టుకోండి.

మెయిజీ చక్రవర్తి అసలు పేరు ముత్సుహితో. 1852 నవంబరు 3న క్యోటోలో, తల్లి పుట్టింట్లో, అంటే నకయామా వంశం వారి ఇంట్లో పుట్టాడు. తండ్రి కోమెయి చనిపోవడంతో 1867లో పద్నాలుగేళ్ల వయసులో సింహాసనం ఎక్కాడు. అప్పటికి రెండున్నర శతాబ్దాలకు పైగా దేశాన్ని నడిపింది చక్రవర్తులు కాదు, ఎదో నగరంలో ఉండే తోకుగావా వంశపు షోగన్లు, అంటే సైనిక పాలకులు. అదే ఏడాది చివర్లో చివరి షోగన్ యోషినోబు అధికారాన్ని చక్రవర్తికి అప్పగించాడు. 1868లో ఎదో పేరు టోక్యోగా మారింది. 1871లో సామంత సంస్థానాలు రద్దయ్యాయి. 1872లో షింబాషి నుంచి యోకోహామాకు తొలి రైలు మార్గం మొదలైంది. 1889లో రాజ్యాంగం వచ్చింది. 1894-95లో చైనాతో, 1904-05లో రష్యాతో యుద్ధాలు జరిగాయి. 1910లో కొరియాను కలిపేసుకున్నారు. 1912 జులై 30న చక్రవర్తి చనిపోయాడు.

ఈ పది పన్నెండు ఘట్టాలు తలలో ఉంటే చాలు. గోడల మీద చిత్రాలు సరిగ్గా ఇదే కాలక్రమంలో ఉంటాయి కాబట్టి ఎక్కడా దారి తప్పరు.

మ్యాప్‌లో ఏది నొక్కాలి

ఇక్కడ చాలామందికి తికమక. మెయిజీ ఆలయం హరజుకు దగ్గర అడవిలాంటి తోటలో ఉంది. దాన్ని లోపలి తోట, నాయెన్ అంటారు. చిత్రశాల ఉన్నది బయటి తోటలో, అంటే గాయెన్‌లో. రెండూ మెయిజీ ఆలయానివే అయినా పక్కపక్కన లేవు. పైగా గాయెన్ దగ్గర్లోనే మెయిజీ కినెన్‌కన్ అనే ఇంకో భవనం ఉంది, అది పెళ్లిళ్లు, విందులు జరిగే చోటు. కాబట్టి మ్యాప్‌లో 'మెయిజీ' అని కొట్టి మొదట వచ్చినదాన్ని నొక్కేయకండి. కైగాకన్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

జేఆర్ చువో-సోబు లైన్‌లో షినానోమాచి స్టేషన్ దిగితే ఐదు నిమిషాల నడక. అక్కడ పసుపు రంగు లోకల్ రైలే ఆగుతుంది, నారింజ రంగు ర్యాపిడ్ ఆగదు. నిషికసాయి చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలైతే తోజాయి లైన్‌లో ఈదబాషి దాకా వచ్చి, అక్కడ పసుపు రైలుకి మారితే సరిపోతుంది. ఓయెదో లైన్‌లో వచ్చేవాళ్లకు కొకురిత్సు-క్యోగిజో, అంటే జాతీయ స్టేడియం స్టేషన్ దగ్గర.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా వేరు. అవోయామా-ఇచ్చోమేలో గానీ గాయెన్‌మాయెలో గానీ దిగండి. పది నిమిషాలు ఎక్కువ నడవాలి, కానీ అవోయామా రోడ్డు వైపు నుంచి గింకో చెట్ల బాటలోకి అడుగుపెడతారు. 300 మీటర్ల బాట, నాలుగు వరసల్లో 146 చెట్లు. షింజుకు గ్యోయెన్ తోటలో ఏరిన గింజలతో పెంచిన మొక్కల్ని 1923లో ఇక్కడ నాటారు. రోడ్డు వైపు పొడవైన చెట్లు, చిత్రశాల వైపు వెళ్లేకొద్దీ పొట్టివి వచ్చేలా ఎత్తు చూసి వరస పెట్టారు. అందువల్ల బాట ఉన్నదానికంటే పొడవుగా, చివర్లో తెల్లటి గుమ్మటం ఇంకా దూరంగా అనిపిస్తుంది. బాట మొదట్లో నిలబడి ఒకసారి చూసి, సగం దూరం నడిచాక మళ్లీ చూడండి, తేడా తెలుస్తుంది. ఆకులు పసుపెక్కేది నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదట్లోకి. ఆ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు. బొమ్మల కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజులు వదిలేయడమే మంచిది.

పనివేళలు, సెలవు రోజు, టికెట్ ధర మారుతుంటాయి. బయల్దేరేరోజు పొద్దున చిత్రశాల వెబ్‌సైట్‌లో చూసుకోండి. సాయంత్రం త్వరగానే మూసేస్తారు. ఎండ ఉన్న రోజు, మధ్యాహ్నానికి ముందు వెళ్లడం మేలు. హాళ్ల పైకప్పుల నుంచి పగటి వెలుతురు కిందికి దిగేలా కట్టిన భవనం ఇది.

మెట్లెక్కేముందు

భవనం ముందు రెండు నిమిషాలు ఆగండి. అడ్డంగా దాదాపు 112 మీటర్ల పొడవు, మధ్యలో గుమ్మటం. లోపల రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు, బయట ఒకయామా ప్రాంతపు మన్నారి గ్రానైటు. 1918లో పోటీ పెట్టి డిజైన్ ఎంపిక చేశారు, మరుసటి ఏడాది పని మొదలైంది. 1923 సెప్టెంబరులో కాంతో భూకంపం టోక్యోను నేలమట్టం చేసినప్పుడు పని ఆగిపోయి, ఈ మైదానంలో ఇళ్లు కోల్పోయినవాళ్ల కోసం గుడారాలు, తాత్కాలిక ఇళ్లు వెలిశాయి. ఆ తర్వాత పని మళ్లీ మొదలుపెట్టి ముగించారు.

ఈ స్థలం ఊరికే దొరికింది కూడా కాదు. ఇది ఒకప్పటి అవోయామా కవాతు మైదానం. 1912 సెప్టెంబరు 13 రాత్రి చక్రవర్తి అంత్యక్రియలు జరిగింది ఇక్కడే. ఈ సంగతి మనసులో పెట్టుకుని లోపలికి వెళ్లండి, చివర్లో పనికొస్తుంది.

లోపల: ఎటు తిరగాలి

గుమ్మటం కింద పాలరాతి హాలు. ఆ రాళ్లన్నీ జపాన్‌లోనే తవ్వినవి. అక్కడి నుంచి కుడివైపుకి వెళ్లండి. కుడి రెక్కలో మొదటి 40 చిత్రాలు నిహొంగా, అంటే జపాన్ సంప్రదాయ పద్ధతిలో వేసినవి. ఖనిజాల్ని నూరిన రంగుల్ని జంతువుల జిగురుతో కలిపి కాగితం మీదో పట్టు మీదో వేస్తారు. ఎడమ రెక్కలో మిగతా 40 యోగా. మన యోగా కాదు, యూరప్ పద్ధతిలో వేసిన తైలవర్ణ చిత్రాలు. ఒక్కొక్కటి దాదాపు మూడు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్లకు పైగా వెడల్పు. అంత పెద్ద కాగితం మామూలుగా దొరకదు కాబట్టి, చాలా నిహొంగాల కోసం ఇప్పటి కోచి, అప్పటి తోసా ప్రాంతంలో ప్రత్యేకంగా చేతి కాగితం తయారు చేయించారు.

1878 దాకా జరిగిన ఘట్టాలు నిహొంగాలో, 1879 నుంచి జరిగినవి తైలవర్ణాల్లో ఉన్నాయి. దేశం దుస్తులు, కుర్చీలు, కవాతులు అన్నీ మార్చుకుంటున్న కాలంలో బొమ్మ వేసే పద్ధతి కూడా మారుతుంది. హాలు మధ్యకి వచ్చి ఎడమ రెక్కలోకి అడుగుపెట్టినప్పుడు ఒక్కసారిగా నీడలు, లోతు, మెరిసే ఇత్తడి బొత్తాలు కనిపిస్తాయి. వరస తప్పి ముందు ఎడమకి వెళ్లినవాళ్లకి ఈ మార్పు అందదు.

ఎనభైనీ ఒకే శ్రద్ధతో చూడాలని పట్టుపట్టకండి. కాళ్లు, కళ్లు రెండూ అలసిపోతాయి. ఒకసారి అన్నీ నెమ్మదిగా నడుస్తూ దాటండి, తర్వాత పది పన్నెండు చిత్రాల దగ్గరికి వెనక్కి రండి. రెండు గంటలు పెట్టుకుంటే హాయిగా సరిపోతుంది. చిత్రాల దగ్గర ఇంగ్లీషు వివరణలు కూడా ఉంటాయి. ఫోన్ తీసేముందు మాత్రం ద్వారం దగ్గరున్న నియమాలు చూసుకోండి.

ప్రతి చిత్రం ముందు మూడు ప్రశ్నలు

ఈ చిత్రశాల అంతా ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

మొదటిది: ఇది ఎప్పుడు జరిగింది, ఎప్పుడు గీశారు? ఉదాహరణకి షోగన్ యోషినోబు క్యోటోలోని నిజో కోటలో అధికారం అప్పగించే నిర్ణయం చెబుతున్న చిత్రం. జపాన్ పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే బొమ్మ ఇదే. ఘటన 1867లో జరిగింది, మురాతా తన్‌ర్యో దాన్ని పూర్తి చేసింది 1935లో. దాదాపు డెబ్బై ఏళ్ల తేడా. ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ చిత్రకారుడి ముందు కూర్చోలేదు. చిత్రకారులు పాత దుస్తులు, పత్రాలు, భవనాలు పరిశీలించి వేశారు. అంతకుముందే రెండో గోసెదా హోర్యూ అనే చిత్రకారుడు ఘట్టాలన్నిటికీ ఆధారంగా నమూనా చిత్రాలు వేసి పెట్టాడు. కాబట్టి ఇవి కంటితో చూసి వేసినవి కావు, చాలా శ్రమపడి ఊహించి కట్టినవి. కొట్టిపారేయాల్సిన పని లేదు, అలాగని ఫోటోల్లా నమ్మాల్సిన పనీ లేదు.

రెండోది: డబ్బు ఎవరిచ్చారు? ఎనభై చిత్రాలకూ దాతలున్నారు. నాకు ఈ చిత్రశాలలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. అధికారం వదులుకున్న షోగన్ చిత్రాన్ని ఇచ్చింది తోకుగావా వంశం వారే. ఎదో కోటను యుద్ధం లేకుండా అప్పగించడం గురించి చక్రవర్తి సైన్యం తరఫున సైగో తకమోరి, షోగన్ తరఫున కత్సు కైషూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చిత్రం (యూకి సోమెయి వేసింది) ఇచ్చింది ఆ ఇద్దరి వారసులు. ఓడినవాడి కుటుంబం, గెలిచినవాడి కుటుంబం కలిసి ఒకే బొమ్మకు డబ్బిచ్చాయి. రైలు ప్రారంభోత్సవం చిత్రం రైల్వే శాఖ ఇచ్చింది. ఇవాకురా నాయకత్వంలోని ప్రభుత్వ బృందం పడమటి దేశాలకు బయల్దేరే చిత్రం యోకోహామా నగరం ఇచ్చింది. 1879లో చక్రవర్తి అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్‌తో హమారిక్యూ తోటలో మాట్లాడుతున్న చిత్రం పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి ఇచ్చాడు. ప్రతివాళ్లూ తమ ఇంటి కథ, తమ ఊరి కథ దేశం కథలో ఎక్కడ ఉండాలో చూసుకున్నారు. దాత ఎవరో తెలిశాక మళ్లీ ఆ బొమ్మ చూడండి, ఎవరిని మధ్యలో పెట్టారో, ఎవరికి హుందాతనం ఇచ్చారో కనిపిస్తుంది.

మూడోది: చక్రవర్తి ఎక్కడున్నాడు? ఆయన జీవితానికి అంకితమైన చిత్రశాలే అయినా, మొదటి రెక్కలో ఆయన్ని వెతుక్కోవాలి. షోగన్ నిర్ణయంలో ఆయన లేడు. సైగో, కత్సుల గదిలో లేడు. షిమాదా బొకుసెన్ వేసిన 1868 నాటి క్యోటో రాజభవనంలోని కోగోషో మందిర సమావేశంలో, పెద్దలు వాదించుకుంటుంటే, బాలుడైన చక్రవర్తి తెర వెనక ఉంటాడు. టోక్యో కోటలోకి ప్రవేశించే కోబోరి తొమోతో చిత్రంలో పల్లకీ కనిపిస్తుంది, మనిషి కాదు. ఎడమ రెక్కకి వచ్చేసరికి సైనిక యూనిఫాంలో, ఎత్తైన వేదిక మీద, అందరి ముందూ నిలబడతాడు. వదా ఎయిసాకు వేసిన 1889 రాజ్యాంగ ప్రకటన చిత్రంలో ఆయన ప్రధాని కురోదా కియోతాకకు రాజ్యాంగ పత్రం అందిస్తుంటాడు. తెర వెనక నుంచి వేదిక మీదకి సాగిన ఈ ప్రయాణాన్ని వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. మెయిజీ కాలంలో రాచరికానికి ఏం జరిగిందో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

మనకు దగ్గరైన ఒక చిత్రం

కుడి రెక్కలో తొమియోకా పట్టు మిల్లు చిత్రం దగ్గర తప్పకుండా ఆగండి. 1872లో ఫ్రెంచి నిపుణుల సాయంతో ప్రభుత్వం పెట్టిన మిల్లు అది. 1873లో మహారాణి, రాజమాత అక్కడికి వెళ్లారు. వరసగా కూర్చుని పట్టుదారం తీస్తున్న ఆడపిల్లలు, చూడవచ్చిన రాజకుటుంబం. రాజులు, సైన్యాధికారులు నిండిన ఈ గోడల మీద పనిచేసే ఆడవాళ్లకు ఇంత చోటు దొరకడం అరుదు.

దీన్ని వేసిన అరాయి కాంపో మన దేశానికి వచ్చినవాడు. రవీంద్రనాథ్ టాగోర్ పిలుపు మీద 1916లో కలకత్తా వచ్చి, టాగోర్ల ఇల్లున్న జొరాసంకోలో జపాన్ కుంచె పద్ధతి నేర్పాడు. తర్వాత అజంతా గుహలకు వెళ్లి అక్కడి కుడ్యచిత్రాలకు నకళ్లు వేశాడు. అప్పట్లో అజంతా హైదరాబాద్ నిజాం రాజ్యంలో ఉండేది. అజంతా గోడల్ని అంత దగ్గరగా చదివిన చెయ్యి టోక్యోలో ఈ పెద్ద చిత్రం వేసిందని తెలిసి చూస్తే, ఆ అమ్మాయిల వరసల దగ్గర కాసేపు ఎక్కువే నిలబడతారు.

గోడ మీద లేనివి కూడా చూడండి

ఈ చిత్రశాలను ప్రేమగా చూడటానికీ, గుడ్డిగా మెచ్చుకోవడానికీ తేడా ఉంది. ర్యూక్యూ రాజ్యం (ఇప్పటి ఒకినావా) గురించిన చిత్రం 1872 నాటిది. ర్యూక్యూ రాయబారులు టోక్యోకు వచ్చిన ఘట్టం. దాత నహా నగరం. ఏడేళ్ల తర్వాత, 1879లో, ఆ రాజ్యాన్ని రద్దు చేసి రాజును టోక్యోకు తరలించారు. ఆ సంగతి మీరు గుర్తు పెట్టుకుని ఈ చిత్రం ముందు నిలబడాలి. ఎడమ రెక్క చివర్లో 1910 కొరియా విలీనం చిత్రం ఉంది, సియోల్‌లోని నమ్‌దేమున్ ద్వారం దగ్గరి దృశ్యం. దానికి డబ్బిచ్చింది జపాన్ పాలనలోని చోసెన్ (కొరియా) బ్యాంకు. దేశం పోగొట్టుకున్న కొరియన్లకు ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఆ కాన్వాసు చెప్పదు. వలస పాలన మనమూ చూసినవాళ్లం కాబట్టి ఇది పట్టుకోవడం మనకు కష్టం కాదు. ఢిల్లీ దర్బారు బొమ్మల్లో మన పూర్వీకులు ఎక్కడ నిలబడ్డారో మనకు తెలుసు.

చిత్రాలు పూర్తయిన సంవత్సరం కూడా గుర్తుంచుకోండి. 1936 ఫిబ్రవరిలో యువ సైనికాధికారులు టోక్యోలో తిరుగుబాటు చేసి ఆర్థిక మంత్రి సహా పలువురు పెద్దల్ని చంపారు. రెండు నెలల తర్వాత ఇక్కడి గోడలు నిండాయి. మరో ఏడేళ్లకు, 1943 అక్టోబరులో, పక్కనే ఉన్న గాయెన్ మైదానంలో వర్షంలో విద్యార్థుల్ని యుద్ధానికి సాగనంపారు. ఇప్పుడు జాతీయ స్టేడియం ఉన్న స్థలం అదే. యుద్ధ విజయాల చిత్రాలు ఎడమ రెక్కలో అంత చోటు ఎందుకు తీసుకున్నాయో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

పిల్లలతో వెళ్తే చక్రవర్తి గుర్రం కింకజాన్ గురించి చెప్పి తీసుకెళ్లండి. ఆయనకు ఎంతో ఇష్టమైన గుర్రం, 1895లో చనిపోయాక దాని దేహాన్ని పాడవకుండా భద్రపరిచారు. పిల్లలకు ముందే చెబితే బొమ్మల్లో కూడా గుర్రాల్ని వెతుకుతూ విసుగు లేకుండా తిరుగుతారు.

బయటికొచ్చాక రెండు చోట్లు

చివరి చిత్రం వదా సన్‌జో వేసిన అంత్యక్రియల చిత్రం. అది చూసి బయటికొచ్చి నేరుగా స్టేషన్‌కి నడవకండి. భవనం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లండి. రాతి కట్టుతో గుండ్రటి దిబ్బ, మధ్యలో పెద్ద కర్పూర వృక్షం కనిపిస్తాయి. 1912లో చక్రవర్తి పార్థివదేహాన్ని ఉంచిన తాత్కాలిక మందిరం ఉన్న స్థలం అది. అక్కడి నుంచే రైల్లో క్యోటోకి తీసుకెళ్లి ఫుషిమి మొమొయామాలో సమాధి చేశారు. చాలామంది సందర్శకులు ఇటు రారు. లోపల ఎనభయ్యో చిత్రం చూసిన వెంటనే ఇక్కడికి రావడమే సరైన వరస.

రెండోది ఇందాక చెప్పిన మెయిజీ కినెన్‌కన్. కొద్ది నిమిషాల నడకే. దాని పాత భాగం 1881లో అకసకా తాత్కాలిక రాజభవనంలో కట్టినది. 1888లో రాజ్యాంగం ముసాయిదా మీద ప్రివీ కౌన్సిల్ (చక్రవర్తి సలహా మండలి) చర్చలు చక్రవర్తి సమక్షంలో జరిగిన గది అందులోనే ఉంది. తర్వాత ఆ భవనాన్ని విప్పి తరలించి ఇక్కడ నిలబెట్టారు. ఇప్పుడు ఆ గది లాంజ్‌గా నడుస్తోంది. ఎడమ రెక్కలో గోసెదా హోర్యూ వేసిన ఆ సమావేశం చిత్రాన్ని ముందు బాగా చూసి, గోడల మీది అలంకారం గుర్తు పెట్టుకుని రండి. తర్వాత అదే గదిలో కూర్చుని కాఫీ తాగొచ్చు. బొమ్మలో ఉన్న గదిలోకి నిజంగా అడుగుపెట్టే అవకాశం ఈ ఎనభైలో దీనికే ఇంత సులువుగా దొరుకుతుంది. పెళ్లి ముహూర్తాల రోజుల్లో మాత్రం రద్దీ ఉంటుంది, వారం మధ్యలో వెళ్లండి.

ఒకే రోజులో మెయిజీ ఆలయం కూడా చూడాలనుకుంటే పొద్దున్నే ఆలయానికి వెళ్లి, తర్వాత ఇక్కడికి రండి. ఆలయం సూర్యోదయంతో తెరిచి సూర్యాస్తమయంతో మూస్తారు, శీతాకాలంలో నాలుగు దాటాక వెళ్తే గేటు దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు. ఆలయం ఉత్తర ద్వారం నుంచి యోయోగి స్టేషన్‌కి నడిచి, పసుపు రైలు ఎక్కితే సెందగాయా తర్వాతి స్టేషన్ షినానోమాచి.